రాత్రిని కొలిచే పాదు

మృగశిర చినుకు పడగానే చిక్కుడు గింజ నాటినవాళ్ళూ, పనుల్లో పడి శ్రావణం దాకా నాటలేకపోయినవాళ్ళూ కాయ కోసే నాటికి ఇంచుమించు ఒకే చోటికి వస్తారు. ముందు నాటిన పాదు పందిరంతా కమ్మేసి, గోడెక్కి, పక్కింటి జామచెట్టును కూడా పట్టుకుంటుంది. వెనక నాటింది అప్పుడప్పుడే పందిరి మీదికి చేరుతూ ఉంటుంది. పూత మాత్రం రెండింటికీ వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లోనే, కొద్దిపాటి తేడాతో వస్తుంది. ముందు నాటినందుకు దక్కే లాభమల్లా కొమ్మలు ఎక్కువ ఉండటం, అందువల్ల పూగుత్తులు ఎక్కువ రావటం.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఒక్క పువ్వూ లేకుండా ఏపుగా పెరుగుతున్న ఆ పాదును చూసి చాలామంది కంగారుపడతారు. ఎరువు ఎక్కువైందంటారు, గొడ్డుపాదంటారు, కొందరు పీకి పారేస్తారు కూడా. ఆ పాదుకు ఏ లోపమూ లేదు. రాత్రి తనకు కావలసినంత పొడుగయ్యేదాకా అది పూయదు, అంతే. పెరట్లో ఏ మొక్క కాలాన్ని దేనితో గుర్తుపడుతుందో, అది తెలిశాక ఏ గింజను ఎప్పుడు వేయాలో ఈ అధ్యాయంలో చూద్దాం. మట్టి, ఎరువు, నీరు ముఖ్యమే. కానీ శ్రద్ధగా పెంచినా కాపు రాని తోటల్లో చాలావాటికి జబ్బు తేదీలోనే ఉంటుంది.

మొక్క పగటి నిడివిని పసిగడుతుందని శాస్త్రజ్ఞులకు తెలిసి నూరేళ్ళు కొద్దిగా దాటాయి. 1906లో అమెరికాలోని మేరీలాండ్ పొగాకు చేలల్లో ఒక వింత మొక్క బయటపడింది. మిగతావి పూసి విత్తనం కడుతుంటే అది మాత్రం ఆకు మీద ఆకు వేసుకుంటూ మనిషికి రెండింతలు పెరిగింది. పొగాకు రైతుకు అంతకన్నా కావలసిందేముంది? చిక్కల్లా విత్తనం దగ్గరే. పూత రాకముందే మంచు పడి చచ్చిపోయేది. దాన్ని అద్దాల గదిలోకి మార్చి కాపాడితే చలికాలంలో చిన్న కుండీలో కూడా చక్కగా పూసింది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు ఈ చిక్కుముడి పట్టుకున్నారు. వాళ్ళ దగ్గరే బిలాక్సీ అనే సోయా రకం ఇంకో విధంగా వేధిస్తోంది. వేసవి పొడుగునా విడతలు విడతలుగా విత్తినా అన్నీ సెప్టెంబరులోనే పూసేవి. మన చిక్కుడు కథే. వేడి, తేమ, ఎరువు అన్నీ మార్చి చూసి, ఏదీ కారణం కాదని తేలాక, 1918 జులైలో ఒక చిన్న చీకటి కొట్టం కట్టారు. ఎండ ఇంకా ఉండగానే కుండీలను అందులో పెట్టి, మర్నాడు పొద్దెక్కాక బయటికి తీశారు. పగలు తగ్గేసరికి పొగాకూ పూసింది, సోయా కూడా పూసింది. 1920లో వాళ్ళు ప్రచురించిన ఆ పరిశోధన వృక్షశాస్త్రంలో ఒక కొత్త శాఖనే తెరిచింది. ఆ ప్రయోగం జరిగిన ఆర్లింగ్టన్ వ్యవసాయ క్షేత్రాన్ని తర్వాత సైన్యం తీసేసుకుంది. ఆ ప్రాంతంలోనే ఇవాళ పెంటగాన్ భవనం ఉంది. ప్రపంచానికి ఏది ఎక్కువ మేలు చేసిందో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

గార్నర్, అల్లార్డ్ పగటిని కొలిచారు. మొక్క నిజంగా కొలిచేది రాత్రిని అని 1938లో హామ్నర్, బానర్ చూపించారు. వాళ్ళు వాడిన మొక్క మన బీళ్ళలో, రోడ్ల పక్కన ముళ్ళకాయలతో బట్టలకు అంటుకునే మరులమాతంగి. పొడుగాటి రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే చాలు, అది పూయడం మానేసింది. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికి ఏమీ పట్టలేదు. అంటే ఎడతెగని చీకటి ఎన్ని గంటలుందన్నదే లెక్క. ఆ లెక్క చూసే పదార్థం ఆకుల్లో ఉంది. దాని పేరు ఫైటోక్రోమ్. ఎర్రని కాంతి తగిలితే ఒక రూపంలోకి మారుతుంది, కంటికి దాదాపు ఆనని ముదురు ఎరుపు తగిలినా, చీకట్లో చాలాసేపు ఉన్నా మళ్ళీ మొదటి రూపానికి వస్తుంది. ఇదీ, మొక్క కణాల్లో తిరిగే దినచర్య గడియారమూ కలిసి రాత్రి నిడివిని నిర్ణయిస్తాయి. చీకటి చాలినంత ఉందని తేలాక ఆకులో ఒక ప్రొటీను తయారై, కాడ గుండా చిగురుకు చేరి, ఇక ఆకులు చాలు పువ్వులు వేయమని చెబుతుంది. అలాంటి కబురు ఒకటి ఆకు నుంచి వెళ్తుందని రష్యాలో చైలఖ్యాన్ 1937లోనే ఊహించారు. ఆ కబురు మోసేది ఏ ప్రొటీనో తేలడానికి 2007 దాకా పట్టింది.

ఇప్పుడు మన ఆకాశం సంగతి. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు దాటుతుంది, డిసెంబరులో ఎనిమిదికి తగ్గిపోతుంది. హైదరాబాదులో అత్యంత పెద్ద పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, అత్యంత చిన్నది సుమారు 11 గంటల 5 నిమిషాలు. ఏడాది మొత్తం మీద తేడా రెండు గంటల పైచిలుకే. సెప్టెంబరులో పగలు తరిగేది రోజుకు ఒక్క నిమిషం చొప్పున. మన కంటికి ఆనని ఈ తేడాను చిక్కుడు ఆకు పట్టుకోగలుగుతోంది. తరతరాలుగా ఈ అక్షాంశంలోనే పెరిగి, ఇక్కడి వానలు ఆగే వేళకు పూతకు రావడం నేర్చుకున్న మొక్క కాబట్టి అది దానికి సాధ్యమైంది. వానల్లో పూస్తే పూత రాలిపోతుంది, కాయ కుళ్ళిపోతుంది. వాన ఎప్పుడు ఆగుతుందో ముందుగా తెలుసుకునే దారి మొక్కకు లేదు. రాత్రి పెరగడం మాత్రం ఏ ఏడూ తప్పదు.

మన రైతులు విత్తే రోజును తిథిని బట్టి కాక కార్తెను బట్టి చెప్పుకోవడంలోని తెలివి నాకు ఇక్కడే కనిపిస్తుంది. చాంద్రమానం నెలలు సూర్యుడితో సరిగ్గా కలవవు. అధికమాసం వచ్చి సర్దే లోపల శ్రావణం ఒక్కో ఏడు ఇరవై రోజులు పైకీ కిందికీ జరుగుతుంది. కార్తె అలా కాదు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడన్నది చూసి ఏడాదిని పదమూడు, పద్నాలుగేసి రోజుల చొప్పున ఇరవై ఏడు భాగాలు చేశారు. అందుకే రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో ఏటా వస్తాయి. పగలూ రాత్రీ నిడివి కూడా సూర్యుణ్ణి బట్టే కాబట్టి కార్తె లెక్కా, పాదు లెక్కా ఒకదానితో ఒకటి పొసుగుతాయి. ఒక్క సవరణ మాత్రం ఉంది. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల లెక్క రుతువుల నుంచి సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున జరుగుతుంది. పగలు పెరగడం డిసెంబరు 22కే మొదలైనా మనం సంక్రాంతిని జనవరి మధ్యలో చేసుకోవడం ఆ జరుగుడు ఫలితమే. ఒక మనిషి జీవితకాలంలో అది ఒక్క రోజు తేడా, పెరటికి లెక్కలోది కాదు.

రథసప్తమి నాడు చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడు ఆకుల్లో పరమాన్నం పెట్టే ఆచారం తెలుగిళ్ళలో ఉంది. ఆ పండగ తిథిని బట్టి జనవరి చివరికీ, ఫిబ్రవరికీ మధ్య జరుగుతూ ఉంటుంది. అయినా ఏ ఏడూ కాయ దొరకకపోవడమనేది లేదు, ఎందుకంటే చలికాలమంతా చిక్కుడు కాస్తూనే ఉంటుంది. చిత్తూరు వైపు పితికిన పప్పు వండుకునేదీ ఆ నెలల్లోనే. సూర్యుడి పండగకు సూర్యుణ్ణి ఇంత నిక్కచ్చిగా కనిపెట్టే మొక్క ఆకునూ కాయనూ వాడటం నాకు చాలా ఇష్టమైన సంగతి.

పట్నంలో పెంచేవాళ్ళు మరో విషయం చూసుకోవాలి. వీధి దీపాల పక్కన పెరిగిన సోయా మొక్కలు ఆలస్యంగా పూయడం, మిగతా చేను పండిపోయినా పచ్చగానే మిగలడం అమెరికా పొలాల్లో గమనించారు. మీ చిక్కుడు పాదు మీద రాత్రంతా దీపం పడుతూ, నవంబరు వచ్చినా పూత లేకపోతే మొదట అనుమానించవలసింది ఆ వెలుగునే. దీపానికి ఒక రేకు అడ్డం కట్టండి, లేదా పందిరిని ఇంటికి ఇంకో పక్కకు మార్చండి.

రాత్రిని కొలిచే కూరల్లో గోంగూరది తలకిందుల లెక్క. చిక్కుడు పూయాలని ఎదురుచూస్తాం, గోంగూర పూయకూడదని కోరుకుంటాం. అది కూడా రాత్రి పెరిగితే పూసే జాతే. జూన్‌లో వేస్తే ముందు మూడు నెలల పొడుగాటి పగళ్ళుంటాయి, కోసిన కొద్దీ చిగురిస్తుంది. అక్టోబరులో వేస్తే మోకాలెత్తు లోపే మొగ్గ తొడుగుతుంది, ఆకు చిన్నదైపోయి కాడ ముదురుతుంది. ఉత్తరాంధ్రలో నార కోసం గోగు వేసే రైతులు తొలకరికి ముందే తొందరపడేది ఇందుకే. పూత రాకముందు కాడ ఎంత పెరిగితే అంత నార. న్యూజెర్సీలోనో, డాలస్‌లోనో ఉన్న తెలుగువాళ్ళు ఈ రెండింటి తేడానూ ఇంటి వెనకే చూస్తారు. అక్కడి వేసవి పగళ్ళు మనకన్నా బాగా పెద్దవి. కాబట్టి గోంగూర ఇక్కడికన్నా గుబురుగా పెరుగుతుంది. ఊరి నుంచి తీసుకెళ్ళిన చిక్కుడు మాత్రం రాత్రి కోసం కాచుకుని కాచుకుని, పూత పట్టేసరికి న్యూజెర్సీ లాంటి చోట్ల మంచు వచ్చేస్తుంది. అలాంటివాళ్ళకూ, ఏ నెలలోనైనా చిక్కుడు కావాలనుకునేవాళ్ళకూ రాత్రితో పని లేని రకాలున్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివి. పందిరి అక్కర్లేని పొట్టి మొక్కలు, కుండీలోనూ కాస్తాయి. మన పాత పందిరి చిక్కుడు ఒక్క పాదే చలికాలమంతా ఇంటికి సరిపోతుంది కాబట్టి, చోటున్నవాళ్ళు దాన్ని వదులుకోవద్దని నా మాట.

టమాటాకు రాత్రి ఎంత పొడుగన్నది పట్టదు. అది రాత్రి ఎంత వేడిగా ఉందో చూస్తుంది. కాలిఫోర్నియాలో ఫ్రిట్స్ వెంట్ 1944లో ఉష్ణోగ్రత అదుపు చేసిన గదుల్లో టమాటా పెంచి, రాత్రి చల్లబడితేనే కాయ బాగా కడుతుందని తేల్చాడు. 15 నుంచి 20 డిగ్రీల మధ్య రాత్రులు దానికి హాయి. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. మే నెలలో తెల్లవారుజామున కూడా 26 డిగ్రీల దగ్గరే ఉంటుంది, విజయవాడలో అంతకన్నా ఎక్కువ. ఆ వేడిలో పుప్పొడి సరిగా తయారు కాదు. అన్నిటికన్నా వేడికి తట్టుకోలేనిది పువ్వు విచ్చడానికి వారం పది రోజుల ముందున్న మొగ్గ. అందుకే ఇవాళ రాలిన పూతకు ఇవాళ్టి ఎండను తిట్టి లాభం లేదు, దెబ్బ ఎప్పుడో తగిలింది. నిన్న చల్లిన మందు పనిచేయలేదని ఇవాళ ఇంకొకటి కొనడమూ అనవసరం. వేసవిలో ఎలాగో కాసిన కాయలు కూడా ఎర్రబడక నారింజ పసుపులో ఆగిపోతాయి. 30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ తయారీ మందగిస్తుంది, పసుపు రంగు పదార్థాలు మాత్రం తయారవుతూనే ఉంటాయి. ఎండాకాలం మనకు మంచి టమాటా మదనపల్లె నుంచి రావడానికీ కారణం ఇదే. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రి కోస్తాకన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది.

కాబట్టి తెలంగాణ, రాయలసీమ పెరళ్ళలో టమాటా నారును ఆగస్టు చివర, సెప్టెంబరులో పోసుకుని, నెల తిరగక ముందే నాటుకుంటే నవంబరు చల్లదనానికి పూత అందుతుంది. కోస్తాలో ఇంకో నెల వెనక్కి జరపాలి. నెల్లూరు వాళ్ళు మరీ జాగ్రత్తపడాలి. వాళ్ళ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. ఆ వానల్లో నారుమడి నీళ్ళు నిలిచి కుళ్ళిపోతుంది. నారు గట్టు మడిలో పోసి, వాన జోరు తగ్గాక నాటాలి.

మిద్దె మీద పెంచేవాళ్ళకు ఈ రాత్రి వేడి ఇంకా పెద్ద సమస్య. మిద్దె తోటల మీద తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించినవారిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముందు వరసలో ఉంటారు. ఇవాళ హైదరాబాదు వీధుల్లో తలెత్తి చూస్తే చాలా డాబాల మీద పచ్చదనం కనిపిస్తుంది. అయితే కాంక్రీటు శ్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రంతా కక్కుతూ ఉంటుంది. నేల మీది మొక్కకు దొరికే చల్లదనం కుండీ మొక్కకు దొరకదు. కుండీలను ఇటుకల మీదో, స్టాండు మీదో ఎత్తి పెట్టడం, పడమటి పిట్టగోడకు దూరంగా జరపడం, మట్టి మీద ఎండుటాకులు రెండంగుళాల మందాన పరచడం ఎరువులకన్నా ముందు చేయవలసిన పనులు. పూత సమయంలో ఉదయంపూట టమాటా పూగుత్తిని వేలితో మెల్లగా తట్టండి. దాని పుప్పొడి సన్నటి గొట్టంలాంటి తిత్తుల్లో దాక్కుని ఉంటుంది, కదిలిస్తేనే రాలుతుంది. పొలంలో గాలీ, జుమ్మని ఒళ్ళు అదిరించే తుమ్మెద జాతులూ ఆ పని చేస్తాయి.

మే నెలలో టమాటా, వంగ ఉసూరుమంటున్నప్పుడు పక్కనే తోటకూర నవనవలాడుతుంది. రెండింటి ఆకుల్లో వంటశాలే వేరు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకునే ఎంజైము, రుబిస్కో, అన్ని మొక్కల్లోనూ ఉంది. ఎండ ముదిరే కొద్దీ అది పొరపాటున ప్రాణవాయువును పట్టుకోవడం ఎక్కువవుతుంది, మొక్క చేసిన కష్టంలో కొంత వృథా అవుతుంది. తోటకూర ఈ వృథాను తప్పించుకుంది. బొగ్గుపులుసు వాయువును ముందు వేరే ఎంజైముతో పట్టి, నాలుగు కార్బన్ల పదార్థంగా మార్చి, ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోకి పంపి అక్కడ విడుదల చేస్తుంది. రుబిస్కో చుట్టూ ఆ వాయువే దట్టంగా ఉంటే పొరపాటుకు చోటుండదు. చెరకులో ఈ పద్ధతిని 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ వివరించారు. జొన్న, మొక్కజొన్నలదీ ఇదే దారి. తెలంగాణలో గంగవాయిలి అనీ, ఆంధ్రలో పాయలకూర అనీ పిలిచే కూర ఇంకో మెట్టు పైకెళ్ళింది. నీరున్నప్పుడు తోటకూర పద్ధతి, నీరు కరువైతే పగలు ఆకు రంధ్రాలు మూసి రాత్రి మాత్రమే తెరిచే ఎడారి మొక్కల పద్ధతి, రెండూ దానికి వచ్చు. కలుపని పీకి పారేసే ఆ మొక్కను వేసవి పప్పులోకి దాచుకోండి. ఎండాకాలం పెరడు ఖాళీగా ఉందనేవాళ్ళకు నా జవాబు ఈ రెండు కూరలే.

కొత్తిమీర, మెంతి, ముల్లంగి, క్యారెట్ చలి పంటలని అందరికీ తెలుసు. మేలో కొత్తిమీర వేస్తే గింజ మొలవడానికే మొండికేస్తుంది, మొలిచినా నాలుగు ఆకులకే కాడ లేచి పూస్తుంది. ధనియాన్ని నలిపి రెండు బద్దలు చేసి వేయడం మాత్రం మరిచిపోవద్దు, ఒక్కో ధనియంలో ఉండేది రెండు విత్తనాలు.

కాలీఫ్లవర్ కథ కొంచెం చెప్పాలి. దాని విత్తనం 1822లో ఇంగ్లండు నుంచి సహారన్‌పూర్ తోటకు వచ్చింది. చలిదేశపు ఆ మొక్క పువ్వు కట్టాలంటే వారాల తరబడి గట్టి చలి కావాలి. ఉత్తరాది రైతులు ఏటా మన వేడికి తట్టుకుని తొందరగా పువ్వు కట్టిన మొక్కల నుంచే విత్తనం తీస్తూ పోయారు. అలా 20 నుంచి 27 డిగ్రీల వెచ్చదనంలోనే పువ్వు కట్టే భారతీయ రకాలు పుట్టుకొచ్చాయి. తెలుగు నేలల మీద పెరట్లో వేయవలసింది ఆ తొలి రకాలనే. పొట్లం మీద పువ్వు బొమ్మ అందంగా ఉందని చలి ప్రాంతాల ఆలస్యపు రకం కొంటే ఫిబ్రవరి దాకా ఆకులే చూస్తూ కూర్చోవాలి.

తీగ జాతులకు రుతువుతోపాటు రోజులో గంట కూడా లెక్కే. సొర పువ్వు తెల్లగా సాయంత్రం విచ్చుతుంది, చిమ్మెటల కోసం. బీర కూడా సాయంత్రమే. దాని చుట్టం నేతిబీర తెల్లవారుజామున విచ్చుతుంది, కాకరా అంతే. మూడో అంతస్తు డాబా మీదికి చిమ్మెట రాకపోతే సొర పిందె నాలుగు రోజుల్లో పసుపుబారి రాలిపోతుంది. మీరే ఆ పని చేయవచ్చు. వెనక బుల్లి పిందె ఉన్నది ఆడపువ్వు, ఒట్టి కాడ మీద ఉన్నది మగపువ్వు. సొర, బీరలకు దీపాలు పెట్టే వేళా, కాకరకు కాఫీ వేళా చూసుకుని మగపువ్వు రేకలు తీసేసి ఆడపువ్వు మధ్యలో తాకించండి. ఉదయం తొమ్మిదికి తీరికగా బీర దగ్గరికి వెళ్తే ఆ పువ్వు పని అప్పటికే అయిపోయి ఉంటుంది. మొదటి పది పదిహేను రోజులు మగపూలే వచ్చినా దిగులు పడవద్దు, అది తీగ జాతుల ధర్మం. ఎండ మండిపోయే పొడుగు పగళ్ళలో మగపూల పాలు ఇంకా పెరుగుతుంది. చల్లటి రాత్రులు ఆడపూలను పెంచుతాయి.

ఇన్ని లెక్కలూ దాగి ఉండేది విత్తనంలో. ఒక ఊళ్ళో తరాలుగా వేస్తున్న చిక్కుడు గింజ ఆ ఊరి రాత్రులకూ, వానలకూ అలవాటు పడి ఉంటుంది. అది పోతే దుకాణంలో దొరకదు. చిక్కుడు, టమాటా చాలావరకు తమ పుప్పొడితోనే కట్టుకుంటాయి కాబట్టి ఇంట్లోనే విత్తనం తీసుకోవచ్చు. సంకర రకాల నుంచి మాత్రం తీయవద్దు, మరుసటి తరంలో పోలిక చెదిరిపోతుంది. సొర, బీర, కాకర విత్తనానికి ఒక ఆడపువ్వును విచ్చే ముందే గుడ్డతో కట్టి, చేత్తో పుప్పొడి అద్ది, మళ్ళీ కట్టి ఉంచాలి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల పల్లెల్లో దళిత మహిళలు సంఘాలుగా ఏర్పడి పాత విత్తనాలను ఏళ్ళ తరబడి కాపాడుకుంటూ వస్తున్నారు. పట్నంలో మనం చేయగలిగింది చిన్నదే అయినా చేయాలి. ఎవరికైనా గింజలు ఇచ్చేటప్పుడు ఒట్టి పొట్లం ఇవ్వకండి. అది ఏ ఊరి గింజో, ఏ కార్తెలో వేశారో, మొదటి పువ్వు ఏ తేదీన విచ్చిందో ఆ పొట్లం మీద రాసి ఇవ్వండి.